సోయా చెక్క తీసేసి పురుగు పొడి వేస్తే గుడ్లెందుకు తగ్గాయి?

ప్రశ్న: మాది మండపేట దగ్గర ఊరండి. 600 తెల్ల లేయర్లు (గుడ్ల కోళ్లు) ఉన్నాయి. వరిఊక లిట్టరు (నేల మీద పరిచే పరుపు) మీద పెంచుతున్నాం, వయసు 38 వారాలు. దాణా మేమే కలుపుకుంటాం. 100 కిలోలకు మొక్కజొన్న 48, నూకలు 8, సోయా చెక్క 22, నూనె తీసిన తవుడు 10, గుల్ల (కాల్షియం కోసం వేసే చిప్పల పొడి) 9.7, డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్) 1.2 కిలోలు, ఉప్పు 300 గ్రాములు, మిగిలిన 800 గ్రాములు విటమిన్లు, మిథియోనిన్ (ఒక అమైనో ఆమ్లం) వగైరా. సోయా ఖర్చు భరించలేక బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పురుగుల పొడి కొని, సోయా మొత్తం తీసేసి అన్ని కిలోలూ అదే వేశాం. పురుగులోనే కాల్షియం ఉంటుందని చెబితే గుల్ల సగం చేసి, ఆ సగానికి తవుడు పెంచాం. పది రోజులు తిరిగేసరికి తొట్లలో దాణా మిగిలిపోతోంది. రోజుకి 540 వచ్చే గుడ్లు 430కి దిగాయి. పెంకు పలచబడింది, గట్టి పెంకు లేని తోలుగుడ్లు కూడా పడుతున్నాయి. పురుగు పొడి లేయర్లకి పడదా? రావులపాలెం అరటి మార్కెట్టు చెత్త మాకు ఊరికే దొరుకుతుంది. సొంతంగా పెంచుకుంటే గిట్టుబాటవుతుందా?

సమాధానం: ముందు కోళ్ల సంగతి చూడండి, లెక్కలు తర్వాత. ఈ రోజు నుంచే పాత దాణా, ఇప్పుడున్న దాణా సగం సగం కలిపి మూడు రోజులు పెట్టండి. నాలుగో రోజుకు పూర్తిగా పాత దాణాకు వచ్చేయండి. సాయంత్రం నాలుగైదు గంటలకు విడిగా ఒక తొట్టిలో ముతక గుల్ల, అంటే 2 నుంచి 4 మిల్లీమీటర్ల ముక్క, కోడికి 3–4 గ్రాముల లెక్కన పెట్టండి. పెంకు తయారయ్యేది రాత్రిపూట. మెత్తటి పొడి చీకటి పడేలోపే కడుపు దాటిపోతుంది. ముతక గుల్ల కందనకాయలో నిలిచి తెల్లవార్లూ కొంచెం కొంచెంగా కరుగుతుంది. పెంకు వారం పది రోజుల్లో గట్టిపడుతుంది. గుడ్ల సంఖ్య తిరిగి రావడానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు, కంగారుపడి మధ్యలో మందులు పొయ్యకండి. దాణా సరిచేశాక కూడా వారంలోపు ఏ మార్పూ లేకపోతే, లేదా కోళ్లు ముడుచుకుని కూర్చోవడం, గురక, రెట్ట పచ్చగా పడడం కనిపిస్తే, అది దాణా గొడవ కాదు. వెంటనే పశువైద్యాధికారికి చూపించండి.

పురుగు పొడి లేయర్లకు పడుతుంది. పడనిది కిలోకి కిలో మార్చడం.

సోయా చెక్కలో కొవ్వు ఒకటి రెండు శాతం మించదు. నూనె తీయని పురుగు పొడిలో 30 శాతం దాకా ఉంటుంది. అందుకే సోయా కిలోకి 2300 కిలో కేలరీల శక్తి ఇస్తే ఈ పొడి 4000కు అటూ ఇటూగా ఇస్తుంది. మీ పాత దాణాలో శక్తి కిలోకి సుమారు 2570. మార్చిన దాణాలో అది 3000 దాటింది. కోడి శక్తి చాలేదాకా తిని ఆపేస్తుంది. అలా 110 గ్రాములు తినే కోడి 93–94 గ్రాముల దగ్గర ఆగిపోయింది. తొట్లో మిగిలింది ఆ తేడాయే. రుచి నచ్చక వదిలేశాయనుకోవద్దు.

రెండో చిక్కు మాంసకృత్తుల దగ్గర ఉంది. సంచి మీద 40 శాతం ప్రొటీన్ అని వేసి ఉంటుంది. ల్యాబులో కొలిచేది నైట్రోజన్. దాన్ని 6.25తో గుణించి ప్రొటీన్ అని రాస్తారు. పురుగు ఒంటి మీది పెంకులో కైటిన్ అనే పదార్థం ఉంటుంది, అందులోనూ నైట్రోజన్ ఉంది. కోడి దాన్ని సరిగా అరిగించుకోలేదు. అందుకే ఈ పురుగులకు 4.76తో గుణించడం సరైన పద్ధతి. ఆ లెక్కన 40 శాతం కాస్తా 30 శాతమవుతుంది. ఇప్పుడు మీ దాణా చూడండి. పాత దాణాలో 16 శాతం పైచిలుకు మాంసకృత్తులు, 110 గ్రాములు తింటే దాదాపు 18 గ్రాములు. కొత్త దాణాలో నిజంగా ఉన్నది 14 శాతం లోపు, 93 గ్రాములు తింటే 13 గ్రాములు. ఈ రకం లేయరుకు రోజుకు 17 గ్రాములైనా అందాలి. అయిదు వారాల పాటు ఇలాగే నడిచి ఉంటే కోడి ముందు గుడ్డు సైజు తగ్గించి, తర్వాత గుడ్డే మానేసేది. పదిరోజులకే గుర్తుపట్టడం మంచిదయింది.

మూడోది గుల్ల. పురుగులో కాల్షియం ఉన్నమాట నిజమే. కానీ ఎంత ఉంటుందన్నది అది తిన్నదాన్ని బట్టి మారుతుంది. ఒక సరుకులో 2–3 శాతం ఉంటే మరొక దాంట్లో 7–8 ఉంటుంది. అరటి తొక్కలు, తవుడు మీద పెరిగిన పురుగు తక్కువ వైపే ఉంటుంది. గుల్ల సగం తగ్గించాక మీ కోడికి రోజుకి అందిన కాల్షియం సుమారు రెండున్నర గ్రాములు. ఒక్క గుడ్డు పెంకులోకే రెండు గ్రాములకు పైగా పోతుంది, తిన్నదంతా ఒంటబట్టదు. నాలుగు గ్రాములకు తగ్గకూడదు. దానికితోడు దాణాలో కొవ్వు ఎక్కువైతే పేగులో కాల్షియంతో కలిసి సబ్బులా మారి రెట్టలో పోతుంది. తోలుగుడ్లు పడ్డది అందుకు.

మరి ఎంత వేయాలి? ఇంటి దగ్గర కలుపుకునేవారికి 100 కిలోలకు 5 కిలోలు సరిపడే మోతాదు. 8 దాటితే ల్యాబు పరీక్ష, దాణా లెక్క తెలిసినవారి సాయం లేకుండా ముందుకు వెళ్లొద్దు. మీ దాణాకు సరిపోయే కలయిక ఇది: మొక్కజొన్న 44.5, నూకలు 8, సోయా చెక్క 18, పురుగు పొడి 5, నూనె తీసిన తవుడు 13.2, గుల్ల 9, డీసీపీ 1.2 కిలోలు, ఉప్పు 300 గ్రాములు, విటమిన్లు మిథియోనిన్ వగైరా 800 గ్రాములు, మునుపటంతే. ఇందులో పురుగు ప్రొటీన్‌ను 30 శాతంగానే లెక్క కట్టినా మొత్తం 16 శాతానికి పైనే వస్తుంది. శక్తి 2600 చుట్టూ ఉంటుంది, అంటే కోడి తినేది పెద్దగా మారదు. సోయా తగ్గినందువల్ల పోయిన లైసిన్, మిథియోనిన్ అనే అమైనో ఆమ్లాలు పురుగు పొడితో దాదాపుగా పూడుతాయి. కనుక మిథియోనిన్ తగ్గించకండి, పెంచనూ అక్కర్లేదు. గుల్ల 9.7 నుంచి 9కి మించి తగ్గించకండి. పొడి కాల్షియం ఎంతో పరీక్ష చేయించకపోతే 9.7 అలాగే ఉంచి తవుడు 700 గ్రాములు తగ్గించండి.

దాణాలో ఎండుచేప పొడి వాడేవారు మాత్రం సోయా జోలికి పోకుండా ముందు ఎండుచేపను మార్చుకోవాలి. ఊళ్లలో దొరికే ఎండుచేప పొడిలో ఇసుక, ఉప్పు ఎంత ఉందో సంచి సంచికీ మారిపోతుంది. ఉప్పెక్కువైతే లిట్టరు తడిసిపోతుంది. 5 కిలోల చేప పొడి స్థానంలో 5 కిలోల పురుగు పొడి వేసినప్పుడు మిథియోనిన్ 100 కిలోలకు 20–30 గ్రాములు అదనంగా కలపాలి. చేపలో అది ఎక్కువ, పురుగులో తక్కువ.

నూనె తీసిన పురుగు పొడి కూడా అమ్ముతున్నారు. దానికి ఈ లెక్కలు వర్తించవు. అందులో సంచి మీద ప్రొటీన్ 50–60 శాతం ఉంటుంది, కొవ్వు బాగా తక్కువ. పట్టుపురుగు ప్యూపా (పట్టుగూడు లోపలి పురుగు) పొడి ఇంకొక దారి. పట్టు తీసే ఊళ్లలో దొరుకుతుంది, మాంసకృత్తులు, మిథియోనిన్ రెండూ బాగానే ఉంటాయి. కానీ నూనె తీయని ప్యూపా త్వరగా ముక్కిపోతుంది, ఆ కంపు గుడ్డుకి అంటుతుంది. మీ ఊరి దాకా వచ్చేసరికే సగం పాడవుతుంది కాబట్టి మీకు సూచించలేం.

దాణా మార్చే పద్ధతి కూడా ముఖ్యమే. మొత్తం 600 మీద ప్రయోగం పెట్టకండి. షెడ్డులో తడికె కట్టి 100 కోళ్లను విడదీయండి. 100 కిలోల దాణాకు పురుగు పొడి మొదటి వారం 2 కిలోలు, రెండో వారం 3.5, మూడో వారం 5. ముందుగానే పాత దాణా మీద ఒక వారం రాసుకున్న లెక్క ఉండాలి. రోజూ పెట్టిన దాణా, మిగిలిన దాణా తూచండి. వారానికోసారి 30 గుడ్లు కలిపి తూచండి, గుర్తుపెట్టిన 20 కోళ్లను తూచండి. దాణా కోడికి 5 గ్రాములకు మించి తగ్గినా, 30 గుడ్ల బరువు 40–50 గ్రాములు పడిపోయినా, ఉన్న మోతాదు దగ్గరే ఆగండి. మీవి 38 వారాలవి, గుడ్లు జోరుగా పెట్టే వయసు. ఇప్పుడే ఒకసారి దెబ్బ తిన్నాయి. 45 వారాలు దాటాక మొదలుపెట్టడం మంచిది.

కలపడంలో ఒక ఇబ్బంది ఉంది. ఎండు పురుగుల్ని ఒంటిగా మిల్లులో వేస్తే కొవ్వు వల్ల ముద్దకట్టి జల్లెడ పూడిపోతుంది. ఒక పాలు పురుగులకు మూడు పాళ్లు మొక్కజొన్న కలిపి ఆడించండి. గోటు పురుగుల్ని, అంటే ఆడించకుండా మొత్తంగా ఉన్నవాటిని, దాణాలో కలిపేస్తే బలమైన కోళ్లు ఏరుకు తినేస్తాయి, వెనకబడిన కోళ్లకు వట్టి మొక్కజొన్న మిగులుతుంది. గోటువి పెట్టాలనుకుంటే మధ్యాహ్నం లిట్టరు మీద పలచగా చల్లండి. గీరుకుంటూ తింటాయి, ఒకదాన్నొకటి పొడుచుకోవడమూ తగ్గుతుంది. అప్పుడు దాణాలో అంత మేర పొడి తగ్గించండి.

ఇక కొనాలా, పెంచుకోవాలా? పైన ఇచ్చిన కలయికలో 5 కిలోల పురుగు పొడి వచ్చి 4 కిలోల సోయా, 3.5 కిలోల మొక్కజొన్న తప్పించింది, 3.2 కిలోల తవుడు అదనంగా అడిగింది. కాబట్టి నాలుగు కిలోల సోయా ధర, మూడున్నర కిలోల మొక్కజొన్న ధర కూడి, 3.2 కిలోల తవుడు ధర తీసేసి, 5తో భాగించండి. వచ్చినదే కిలో పురుగు పొడికి మీరు ఇవ్వదగ్గ ధర. ఉదాహరణకు సోయా 45, మొక్కజొన్న 24, తవుడు 16 రూపాయలనుకుంటే అది 42–43 రూపాయలు. అంతకంటే ఎక్కువ పెట్టి కొంటే దాణా ఖర్చు పెరుగుతుంది తప్ప తగ్గదు. ఇది సూటిగా చెప్పక తప్పదు. ఎందుకంటే సోయా కంటే బాగా ఎక్కువ ధరకు కొని, సోయా ఆదా అయిందనుకునేవారున్నారు.

సొంతంగా పెంచడం మీద ఆశ పెట్టుకోవచ్చు, కానీ పరిమాణం తెలిసి దిగండి. 600 కోళ్లు రోజుకు 66 కిలోల దాణా తింటాయి. 5 శాతమంటే రోజుకు 3.3 కిలోల పొడి. పచ్చి పురుగు ఎండితే మూడో వంతే మిగులుతుంది కాబట్టి రోజుకు 10 కిలోల పచ్చి పురుగులు కావాలి. 100 కిలోల తడి చెత్తకు సుమారు 15 కిలోల పురుగులు వస్తాయి, అంటే రోజుకు 65–70 కిలోల చెత్త. పురుగు ఎదగడానికి తట్టలో 12 రోజులు పడుతుంది. రెండడుగుల పొడవు, అడుగు పైచిలుకు వెడల్పున్న తట్టలు ఒకేసారి 70–80 నడవాలి. ఒక మనిషికి పూట పని. అందుకని 20 తట్టలతో మొదలుపెట్టండి. రోజుకు రెండు రెండున్నర కిలోల పురుగులు వస్తాయి, పని చేతికి అలవాటవుతుంది.

గుడ్లు గానీ, అయిదు రోజుల పిల్ల పురుగులు గానీ పెంపకందారుల దగ్గర కొనుక్కోవచ్చు. ఒక గ్రాములో దాదాపు 40,000 గుడ్లుంటాయి. తట్టకు పది వేలకు మించి వద్దు. గుడ్లను తడిపిన తవుడు పైన జల్లెడ బట్టలో పెట్టండి, చెత్తలో నేరుగా వెయ్యకండి. నాలుగు రోజుల్లో పొదిగి తవుడులోకి రాలతాయి. పొదిగిన అయిదో రోజు నుంచి చెత్త పెట్టండి, మూడంగుళాల మందం మించకుండా. గుప్పెట్లో పిండితే వేళ్ల సందుల్లో ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే పొడి తవుడు గానీ కొబ్బరి పొట్టు గానీ కలపండి. నీరు నిలిస్తే కంపు లేస్తుంది, పురుగులు గోడలెక్కి పారిపోతాయి. మందం ఎక్కువైనా అంతే. వేలాది పురుగులు ఒకచోట మెసిలితే ఆ వేడికి తట్ట లోపల 40 డిగ్రీలు దాటుతుంది. వేసవిలో కొబ్బరి తోట నీడ, పక్కల గాలి ఆడే పాక తప్పనిసరి. తట్ట కాళ్లు నూనె కలిపిన నీటి గిన్నెల్లో పెట్టకపోతే చీమలు ఒక్క రాత్రిలో ఖాళీ చేస్తాయి.

అరటి చెత్త అన్నారు. పండిపోయిన పళ్లు, తొక్కలు సరే. అరటి బొంద, గెల కాడ పనికిరావు, పీచు తప్ప ఏమీ లేదు. పళ్లు తొక్కలు ఒక్కటే పెడితే పురుగు సన్నగా ఉండి, ఎదగడానికి వారం ఎక్కువ తీసుకుంటుంది. పది కిలోల అరటికి రెండు కిలోల తవుడు, కిలో కొబ్బరి చెక్క కలిపితే మంచి పురుగు వస్తుంది. పళ్లు త్వరగా మాగడానికి గానీ తెగుళ్లకు గానీ మందు కొట్టిన సరుకైతే బాగా కడిగి వాడండి. పురుగుల మందు అవశేషం మీ పురుగుల్నే చంపుతుంది.

ఏం పెట్టకూడదో గట్టిగా చెప్పాలి. చచ్చిన కోళ్లు, కోళ్ల పేగులు, కోడిపెంట, హోటళ్ల మిగులు, ఇవేవీ తట్టల్లోకి రాకూడదు. చచ్చిన జంతువు కుళ్లినప్పుడు బొటులినమ్ విషం పుడుతుంది. దాన్ని తిన్న పురుగులో విషం నిలిచి, ఆ పురుగును తిన్న కోడి మెడ వాల్చేసి చస్తుంది. చచ్చిన కోళ్లతో జబ్బు తిరిగి షెడ్డులోకి వస్తుంది. 2025 ఫిబ్రవరిలో బర్డ్ ఫ్లూ గోదావరి జిల్లాల ఫారాలను ఎంత ముంచిందో మీకు తెలియంది కాదు. చచ్చినవాటికి సున్నం వేసిన లోతు గొయ్యే గతి. పురుగు చెత్తను శుద్ధి చేస్తుంది కదా అని వాదించేవారుంటారు. సాల్మొనెల్లా లాంటి సూక్ష్మజీవులను ఇవి తగ్గిస్తాయి, పూర్తిగా తీసెయ్యవు. కాడ్మియం లాంటి లోహాలను ఒంట్లో దాచుకుంటాయి. ఐరోపా సంఘం 2021లో కోళ్ల దాణాలో పురుగు ప్రొటీన్‌ను అనుమతించినప్పుడు కూడా పేడ, పెంట, హోటల్ మిగులు మీద పెంచకూడదనే షరతు ఉంచింది. మనకూ అదే మేలు. షెడ్డు కింద కోడిపెంటలో పుట్టే సన్నటి తెల్ల పురుగులు ఇవి కావు, మామూలు ఈగ పురుగులు. మామూలు ఈగ ద్వారా కోళ్లకు బద్దెపురుగులు సోకుతాయి. బ్లాక్ సోల్జర్ పురుగు చదునుగా, కణుపులు కణుపులుగా, మీగడ రంగులో గట్టిగా ఉంటుంది.

కోత సమయం తెలిసి పట్టాలి. నూటికి నాలుగైదు పురుగులు నల్లబడడం మొదలవగానే తట్ట మొత్తం తీసెయ్యండి. అన్నీ నల్లబడేదాకా ఆగితే పెంకు మందమై కైటిన్ పెరుగుతుంది, కోడికి అరగదు. తీయడానికి రెండు రోజుల ముందు మేత ఆపి పొడి తవుడులో ఉంచితే పొట్ట ఖాళీ అవుతుంది. జల్లెడ పట్టి, కడిగి, సలసల మరిగే నీళ్లలో వేయండి. కిలో పురుగులకు అయిదు లీటర్ల నీళ్లు. వేయగానే మరుగు ఆగుతుంది. మళ్లీ పొంగు వచ్చాక మూడు నిమిషాలు ఉంచి వార్చండి. ఉడకబెట్టకుండా ఎండలో చంపితే నెమ్మదిగా చస్తాయి. ఆలోపే ఒంట్లోని రసాయనాలు పనిచేసి రంగు నల్లబడుతుంది, కొవ్వు ముక్కడం అక్కడే మొదలవుతుంది.

ఎండబెట్టడమే డెల్టాలో అసలు కష్టం. ధాన్యం ఆరబెట్టే బరకం మీద పలచగా పరిచి, గంటకోసారి తిప్పితే వేసవిలో రెండు రోజులు చాలు. పిచ్చుకలు, కాకులు పడకుండా వల కప్పండి, వాటి రెట్ట పడితే జబ్బుల భయం ఉంటుంది. విరిస్తే పుటుక్కున విరగాలి, వంగితే ఇంకా తడి ఉన్నట్టే. నీరు 10 శాతం లోపుంటేనే నిల్వ. దానికి మించితే బూజు పట్టి, ఆ బూజు విషం పురుగు పొడికొస్తుంది. పొడి చేస్తే గాలి తగిలి కొవ్వు త్వరగా ముక్కుతుంది. అందుకని గోటుగానే గాలి చొరని డబ్బాల్లో పెట్టి, వారానికి సరిపడా మాత్రమే ఆడించుకోండి. పాత నూనె వాసన వచ్చిన సరుకు ఎంత ఉన్నా కోళ్లకు వెయ్యకండి, అందులో విటమిన్ ఇ నాశనమవుతుంది, గుడ్డుకు వాసన పడుతుంది.

జూన్ నుంచి నవంబరు దాకా ఎండబెట్టడం మానేయండి. ఉడకబెట్టి వార్చిన పురుగుల్ని అదే రోజు కోడికి 10 గ్రాములు మించకుండా మధ్యాహ్నం పెట్టెయ్యండి. పది గ్రాముల పచ్చిది మూడు గ్రాముల ఎండుదానితో సమానం. ఆ నెలల్లో సోయా 22కి బదులు 20 ఉంచి, తగ్గిన 2 కిలోలకు తవుడు వేస్తే సరిపోతుంది. సాయంత్రానికి మిగిలిన పురుగులు లిట్టరులో ఉంచకుండా ఏరి పారేయండి. తడి పురుగు రాత్రికే కుళ్లుతుంది, మామూలు ఈగలు వాలేది దానిమీదే.